అమ్మాయి పరిశోధన, మా ఆరెకరాలు

మన సంఘం సంచికకు ఏదైనా రాయండని సంపాదకులు అడిగినప్పుడల్లా మేము తప్పించుకు తిరుగుతూ వచ్చాము. రాసేవారు చాలామందే వున్నారు. పిల్లల్ని వైద్య కళాశాలలో చేర్పించడానికి పడిన పాట్లు ఒకరు రాశారు, కూచిపూడి అరంగేట్రం గురించి ఒకరు, పెరట్లో గోంగూర పెంచే పద్ధతి గురించి మరొకరు. అన్నీ చదివి ఆనందించాము. ఈసారి మాత్రం మా వంతు తప్పలేదు. ఇక్కడ 'మేము' అన్నది గౌరవార్థం కాదు, నిజంగానే ఇద్దరం. మాలో ఒకరు ఇంజనీరు, ఒకరు ఫార్మసిస్టు. ఒకరు రాస్తూంటే రెండోవారు పక్కన కూర్చుని కొట్టివేస్తున్నారు. అందుచేత అక్కడక్కడా అతుకులు కనిపిస్తే మన్నించాలి.

2016లో మా అమ్మాయి ఆర్థికశాస్త్రంలో డాక్టరేటుకు చేరిందని చెప్పినప్పుడు మన మిత్రులు చాలామంది "బిజినెస్ స్కూలా?" అని అడిగారు. కాదంటే, "పోనీ బ్యాంకులో ఉద్యోగం వస్తుందిగా" అని ఓదార్చారు. అందులోనూ అభివృద్ధి ఆర్థికశాస్త్రం అనేసరికి మాకే సరిగ్గా చెప్పడం చేతకాలేదు. మా చదువుకునే రోజుల్లో ఆర్థికశాస్త్రమంటే పంచవర్ష ప్రణాళికలు, వాటిని పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టడం. పేద దేశాలు పేదగా ఎందుకున్నాయి, ఏంచేస్తే బాగుపడతాయి అన్నదానికి వేరే ఒక శాఖ వుందనీ, సెయింట్ లూసియా దీవిలో పుట్టిన ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన ఒక వ్యాసం దానికి పెద్ద పునాది అనీ, ఆయనకూ షుల్ట్జ్ అనే ఆయనకూ కలిపి 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారనీ మా అమ్మాయి పుణ్యమా అని అరవయ్యో పడికి దగ్గరవుతూ తెలుసుకున్నాము.

మొదటి రెండేళ్లు లెక్కలతోనే గడిచాయి. లెక్కలంటే ఇంజనీరుకి భయం లేదు కనుక ఫోనులో కాస్త పెద్దరికం చూపించే అవకాశం కూడా దొరికింది. అసలు కష్టం మూడో ఏట మొదలైంది. పాఠాలు అయిపోయాయి, పరీక్షలు అయిపోయాయి, ఇక సొంతంగా ఒక విషయం ఎంచుకుని పరిశోధన చెయ్యాలి. విషయం ఎంచుకోవడం కూడా ఒక పనేనా అనుకున్నాము. గురువుగారు ఏదో ఒకటి ఇస్తారు, చేస్తే సరి. ఇంజనీరింగులో అంతే. వాళ్లలో అలా కాదట. అమ్మాయి గురువుగారు ఆమెను కూర్చోబెట్టి చెప్పినది ఇది: నువ్వు అడిగే ప్రశ్నకు జవాబు అవునని వచ్చినా కాదని వచ్చినా ఎవరో ఒకరికి ఉపయోగపడాలి. ఒక జవాబు వస్తేనే పనికొచ్చే ప్రశ్న పెట్టుకుంటే, ఆ జవాబు రాకపోతే నీ నాలుగేళ్లు గంగలో కలిసినట్టే. రెండోది, ఆ జవాబు కనుక్కోవడానికి లెక్కలు ఎక్కడైనా వున్నాయా, లేకపోతే నువ్వు పోగు చెయ్యగలవా? మూడోది, నువ్వే ఎందుకు చెయ్యాలి?

ఈ మూడో ప్రశ్న దగ్గర మా అమ్మాయి చిక్కుపడింది. తెలుగుపిల్లను కాబట్టి తెలుగుదేశం గురించే చేస్తానంది. మాకు పట్టరాని సంతోషం. చిన్నప్పుడు ఆదివారం బడిలో అచ్చులు దిద్దించడానికి ఎంత బతిమాలామో ఈ సంఘంలో అందరికీ తెలుసు. కాని తీరా వెతికితే, మన వూళ్లను ఆర్థికశాస్త్రజ్ఞులు అప్పటికే గాలించి వదిలారు.

ముందు చిన్న అప్పులన్నది. స్త్రీలను గుంపులుగా చేర్చి సూక్ష్మరుణాలిస్తే పేదరికం పోతుందా అన్న ప్రశ్న. హైదరాబాదులోనే 104 పేటలు తీసుకుని, చీట్లు వేసినట్టుగా అందులో సగం, అంటే 52 పేటల్లో ముందుగా అప్పులిచ్చే శాఖలు తెరిపించి, మిగతా పేటలతో పోల్చి చూశారు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు. వారి వ్యాసం 2015లో అచ్చయింది. చిన్న వ్యాపారాల్లో కొంత కదలిక కనిపించింది కాని, బతుకులు మారిపోయినంత మార్పేమీ లేదని తేలింది. ఈలోగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అప్పుల వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చెయ్యడం, ఆ కంపెనీలు కుదేలవడం కూడా జరిగిపోయింది. సరే, బడుల గురించి చేస్తానంది. అందులోనూ ఇదే కథ. పిల్లల మార్కులను బట్టి పంతుళ్లకు బోనసు ఇస్తే చదువు బాగుపడుతుందా అని మన పల్లెటూరి ప్రభుత్వ బడుల్లోనే పరీక్షించి, బాగుపడుతుందని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రకటించి వున్నారు. ఉపాధిహామీ కూలి డబ్బు వేలిముద్ర కార్డుల మీద ఇస్తే లంచాలు తగ్గుతాయా అన్నదాన్ని ఏకంగా 157 మండలాల్లో చూసి 2016లో అచ్చువేశారు. ఇదంతా మన రాష్ట్రంలో, మనవాళ్ల మధ్య జరుగుతూంటే, ఏటా సెలవుల్లో వెళ్లి నగలకొట్లు, గుళ్లు తిరిగి వచ్చే మాకు చీమ కుట్టినట్టయినా తెలియలేదు.

పైగా చీట్లు వేసి పరీక్షించడానికి డబ్బు కావాలి. ఒక వూళ్లో వందమందిని అడగడమూ, వంద వూళ్లలో ఒక్కొక్కరిని అడగడమూ ఒకటి కాదట. అన్నం ఉడికిందీ లేనిదీ ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటాము. కాని వూళ్లన్నీ ఒకే కుండలో ఉడకవు కదా! ఎన్ని వూళ్లయితే సరిపోతాయో లెక్క కట్టి, అన్ని వూళ్లు తిరగడానికి తన దగ్గరున్న డబ్బు చాలదని తేల్చుకుని, 2018 డిసెంబరు సెలవులకు మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలైంది అసలు సంగతి.

మాకు ఖమ్మం జిల్లాలో, మధిరకు దగ్గరలో ఒక పల్లెటూళ్లో ఆరెకరాలుంది. నాన్నగారి తరువాత పంపకాల్లో వచ్చింది. మా తమ్ముడు వూళ్లోనే వుంటాడు, తన పొలంతోపాటు మాది కూడా చూస్తాడు. చూస్తాడంటే కౌలుకిస్తాడు. ఏటా కౌలు డబ్బు బ్యాంకులో వేస్తాడు. మన సంఘంలో ఇలా నాలుగో ఆరో ఎకరాలు వున్నవాళ్లు ఎంతమంది లేరు! అమ్మబుద్ధి కాదు, చెయ్యడానికి మనం లేము. ఆ పొలం మనకు పొలం కాదు, మన వూరు ఇంకా మనదేనని చెప్పుకోవడానికి ఒక కాగితం.

ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకం పెట్టింది. పట్టాదారు పాసుపుస్తకం వున్న ప్రతివారికీ, ఎన్ని ఎకరాలున్నా సరే, ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. మొదటి పంటకు చెక్కులిచ్చారు. మాకు 24,000 వచ్చింది. మేము అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు. మా తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, ఏం చెయ్యమంటావు?" అన్నాడు. రామాలయం ప్రహరీకి మా వంతుగా ఇచ్చెయ్యమన్నాము. పుణ్యం పురుషార్థం రెండూ కలిసివచ్చాయని మురిసిపోయాము కూడా. అమ్మాయి దిగులు మరిపించడానికి ఆ కబురు కాస్త గొప్పగానే చెప్పాము.

అమ్మాయి పెరుగన్నం కలుపుతూ ఆగింది. "నాన్నా, మన పొలం చేసే ఆయనకు ఎంత ఇచ్చారు?"

"ఆయనకెందుకిస్తారమ్మా? పట్టా మన పేరున వుంది. కౌలుదారులకు వర్తించదని ప్రభుత్వమే చెప్పింది."

"మరి కౌలేమైనా తగ్గించారా?"

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆ ఆలోచన మాకు రాలేదు. రానందుకు సిగ్గుపడాలో, మా బుర్రకు అందే విషయం కాదని సరిపెట్టుకోవాలో కూడా అప్పుడు తోచలేదు. "అది బాబాయి చూసుకుంటాడు" అన్నాము.

మర్నాడు పొద్దున్న లేచేసరికి అమ్మాయి వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి వుంది. మొహంలో దిగులు లేదు. మాకు అప్పుడే భయం వేసి వుండవలసింది.

ఆమె చెప్పినది మాకు అర్థమైనంతవరకు ఇది. కౌలు గురించి ఆర్థికశాస్త్రజ్ఞులు వందేళ్లకు పైగా తర్కించుకుంటున్నారు. సగపాలుకు చేసే రైతు, పండినదాంట్లో సగం ఆసామికి పోతుంది కనుక, సొంత పొలంలో పెట్టినంత కష్టం, ఎరువు అక్కడ పెట్టడని మార్షల్ అన్నాడు. ఆసామి దగ్గరుండి చూసుకునేటట్టయితే ఆ తేడా రానక్కరలేదని 1969లో చ్యూంగ్ అన్నాడు. పంట పోతే ఆ నష్టంలో సగం ఆసామి కూడా మోస్తాడు కాబట్టి పాలు పద్ధతి రైతుకు ఒక రకం భీమా వంటిదని 1974లో స్టిగ్లిట్జ్ చూపించాడు. వీళ్లలో ఎవరిది నిజమో తేల్చడానికి మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లెక్కలే పనికొచ్చాయి. 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులలోనూ, మహారాష్ట్రలో కొన్ని వూళ్లలోనూ ఇంటింటి లెక్కలూ ఏళ్ల తరబడి రాసిపెట్టారు. ఒకే రైతు సొంత చెక్కలో ఎంత పెట్టాడు, పాలుకు తీసుకున్న చెక్కలో ఎంత పెట్టాడు అని పోల్చి, పాలు చెక్కలో తక్కువే పెడుతున్నాడని షబాన్ అనే ఆయన 1987లో తేల్చాడు. ఔరేపల్లి పేరు హైదరాబాదులో వున్నవాళ్లు ఎంతమంది విన్నారో కాని, ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రం చదివినా ఆ వూరి పేరు వినకుండా బయటికి రారట!

మా తాతగారి కాలంలో మా వూళ్లో కూడా పాలే. ధాన్యం కళ్లంలో కొలిచి చెరిసగం. ఇప్పుడు మిర్చికీ పత్తికీ రొక్కం కౌలు. ఎకరానికి ఇంత అని ముందే అనుకుంటారు. పంట పండినా ఎండినా, 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో జరిగినట్టు ధర కుప్పకూలి రైతులు రెచ్చిపోయినా, ఆసామికి రావలసింది వస్తుంది. నష్టమంతా చేసేవాడిది. ఇప్పుడు అమ్మాయి ప్రశ్న ఏమిటంటే, సర్కారు డబ్బు భూమి వున్నవాడికి ఇస్తే, దున్నేవాడికి అందులో ఏమైనా దిగుతుందా? కౌలు రూపంలో తగ్గుతుందా, తగ్గదా?

తమాషా ఏమిటంటే మేమున్న ఈ ఇల్లినాయిలో సగానికి పైగా వ్యవసాయభూమి కౌలుదే. మా ఇంటి వెనక మొక్కజొన్న చేను కూడా. దాని యజమాని, రిటైరైన టీచరమ్మ, మాకు స్నేహితురాలు. ఆవిణ్ణి అడిగితే, "నేను రొక్కం కౌలుకిచ్చాను కాబట్టి ప్రభుత్వ సాయం నాకు రాదు, నష్టభయం మోసే అతనికే వస్తుంది" అంది. కాని అతనికి సాయం పెరిగితే ఆవిడ కౌలు పెంచవచ్చు కదా! పెంచుతున్నారా అని కిర్వాన్ అనే ఆయన దేశమంతటి లెక్కలు తీసి, నూటికి పాతిక వంతు ఆసాములకు చేరుతోందనీ, డెబ్భై అయిదు వంతులు కౌలు రైతు దగ్గరే నిలుస్తోందనీ 2009లో రాశాడు. మన దగ్గర ఎదురు పద్ధతి. డబ్బు ముందు ఆసామికి చేరుతుంది. అక్కణ్ణించి కిందికి ఎంత దిగుతుంది? అవునన్నా కాదన్నా ఉపయోగపడే ప్రశ్నే. గురువుగారు వెంటనే ఒప్పుకున్నారు. నువ్వే ఎందుకు చెయ్యాలి అన్నదానికి మాత్రం అమ్మాయి ఆయనకు ఏం జవాబు చెప్పిందో మాకు చెప్పలేదు.

2019 వేసవిలో ముగ్గురం వెళ్లాము. మూడు వూళ్లలో ఓ నలభై ఇళ్లు చూసి, ప్రశ్నలు సరిగ్గా వున్నాయో లేదో తేల్చుకోవాలని ప్రయత్నం. ప్రశ్నలు తెలుగులోకి మార్చే బాధ్యత మాది. మాకు తెలుగు వచ్చునన్న అహంకారం అక్కడ పోయింది. 'మీ కుటుంబంలో ఎంతమంది?' అని రాశాము. ఒక పెద్దాయన పెళ్లయి సూర్యాపేట పోయిన కూతుళ్లతో సహా పదిహేడుమందిని లెక్కపెట్టాడు. కొట్టేసి, 'ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఎంతమంది?' అని మార్చాము. 'మీ ఆదాయమెంత?' అంటే అందరూ నవ్వారు. ఆదాయమంటే వున్నవాళ్లకు వుండేది. ఎన్ని క్వింటాళ్లు దిగింది, ఎంతకు పోయింది, మందులకు ఎంత, కూలికి ఎంత అని అడిగితే మాత్రం పైసలతో సహా చెప్పారు. 'ఎంత రిస్కు తీసుకుంటారు?' అన్న ప్రశ్నను ఎలా రాసినా కుదరక చివరికి తీసేశాము. నష్టభయం అనే మాట పుస్తకాల్లో వుంటుంది. వాళ్లు "మిర్చి వేశాను" అంటారు, అందులోనే అంతా వుంది.

అన్నిటికన్నా కష్టమైనది కౌలు ప్రశ్న. కౌలంతా నోటిమాట. కాగితం రాస్తే పట్టాకు ఎసరు వస్తుందని ఆసాములకు ఒక భయం. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చిన సంగతి తాతలు తండ్రులకు, తండ్రులు కొడుకులకు చెప్పుకుంటూ వచ్చారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదార్లకు కార్డులిచ్చే చట్టం తెచ్చారు. బ్యాంకులో అప్పు పుట్టడానికే తప్ప భూమి మీద హక్కు రాదని అందులో స్పష్టంగా వున్నా భయం పోలేదు. 2017లో మొదలుపెట్టిన భూరికార్డుల ప్రక్షాళన తరువాతి కాగితాల్లో దున్నేవాడి పేరు రాసే గడే లేకుండా పోయింది. కాబట్టి కౌలుదారు ఎవరో తెలియాలంటే అడగాలి. అడిగితే చెప్పాలి.

మా పొలం చేసే ఆయన మా ఈడువాడే. మేము ముగ్గురం, మా తమ్ముడు వెళ్లాము. వేపచెట్టు కింద కుర్చీలు వేయించాడు, తాను నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. అమ్మాయి ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూంటే, "అంతా బాగనే వుందమ్మా. పెద్దయ్యగారి దయ. మాకేం తక్కువ లేదు" అంటాడు. ఎరువు? బాగనే వుంది. కౌలు? "ఎంతంటే అంత, అయ్యగారు ఎక్కువ అడగరు." నాలుగు ప్రశ్నలయ్యాక అమ్మాయి కలం మూసి, ఇంగ్లీషులో నెమ్మదిగా, మీరు ముగ్గురూ ఇక్కణ్ణించి వెళ్లండి అంది.

నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. మా పొలం, మా వూరు, మేము రాసిన ప్రశ్నలు! మా తమ్ముడికైతే మొహం ఎర్రబడింది. గుడి అరుగు మీద కూర్చున్నాము. కొత్త ప్రహరీకి నాపరాయి పలక మీద దాతల పేర్లు చెక్కించారు, మూడో వరుసలో మాది. అక్కణ్ణించి వేపచెట్టు కనిపిస్తుంది, మాటలు వినపడవు. కాసేపటికి ఆయన నేలమీద గొంతుక్కూర్చున్నాడు. అమ్మాయి కూడా కుర్చీ దిగి నేలమీద కూర్చుంది. ఆయన వేళ్లు మడిచి ఏవో లెక్కలు చెబుతున్నాడు. ఒకసారి చెయ్యెత్తి గుడివైపు చూపించాడు, మమ్మల్నే చూపించాడో, గోడను చూపించాడో. గంటంపావు పట్టింది.

తిరిగి వస్తూ అమ్మాయి పలక దగ్గర ఆగి కూడబలుక్కుంటూ మా పేరు చదివింది. "ఇది ఆ డబ్బేనా నాన్నా?" అంది. అవునన్నాము. ఇంకేమీ అనలేదు.

"ఏం చెప్పాడు?" అన్నాడు మా తమ్ముడు.

"చెప్పకూడదు బాబాయ్. మొదలుపెట్టే ముందు ఆయనకు చదివి వినిపించాను, నువ్వు చెప్పింది ఎవ్వరికీ చెప్పను అని. ఆయన వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను."

"మాక్కూడానా?"

"మీకు మరీను" అంది.

ఆ రాత్రి మేమిద్దరం డాబా మీద పడుకుని చాలాసేపు మాట్లాడుకున్నాము. ఆ ఏడాది వానకాలం నుంచి రైతుబంధు ఎకరానికి 5,000 చేశారు, ఏడాదికి పదివేలన్నమాట. మా తమ్ముడు పంపే కౌలు ఎకరానికి పన్నెండు వేలు. సర్కారు డబ్బంతా ఆయనకే ఇచ్చేద్దామని మాలో ఒకరు, సగమిస్తే చాలునని ఒకరు. ఎవరు ఏది అన్నదీ ఇక్కడ రాయడం లేదు, ఇంట్లో శాంతి ముఖ్యం. పొద్దున్నే తమ్ముడితో అంటే అతను తల పట్టుకున్నాడు. "మీరు వారం రోజులుండి విమానమెక్కుతారు. వూళ్లో వుండేది నేను. మనం ఇచ్చామని తెలిస్తే రేపు ప్రతి కౌలుదారూ తన ఆసామిని అడుగుతాడు. నన్ను వెలివేస్తారు" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. చివరికి చేతికి డబ్బు ఇవ్వకుండా, చప్పుడు కాకుండా, కౌలులో ఎకరానికి అయిదువేలు తగ్గించాలని అనుకున్నాము. "సరే, అన్నయ్య మాట" అన్నాడు. ఆ మరుసటి సంవత్సరం నుంచి మాకు డెబ్భై రెండు వేలకు బదులు నలభై రెండు వేలు వస్తున్నాయి.

అమ్మాయితో చెబితే సంతోషిస్తుందనుకున్నాము. "మంచిదే. కాని మన వూరు ఇక నా లెక్కలో వుండటానికి వీల్లేదు. మీరు వేలు పెట్టారుగా" అంది.

ఆ అక్టోబరులో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి బెనర్జీ, డుఫ్లో, క్రేమర్‌లకు వచ్చింది. మన సంఘంలో ఓ పదిమంది ఫోను చేసి, "మీ అమ్మాయి సబ్జెక్టుకే వచ్చిందటగా!" అని అభినందించారు. ఇంట్లో మిఠాయి పంచవలసి వచ్చింది. అమ్మాయి మాత్రం సంతోషంగా లేదు. వేసవిలో చూసిన నలభై ఇళ్లతో తన ప్రశ్న కొంచెం పక్కకు జరిగిందంది. కౌలు తగ్గిందా లేదా అని తెలియాలంటే ముందు కౌలెంతో తెలియాలి. అది ఎవరిని అడిగితే తెలుస్తుంది? కొన్నాళ్లకు కొత్త విషయం ఖాయం చేసుకుంది. ఒకే చెక్కకు కౌలెంత అని ఆసామినీ, చేసేవాణ్ణీ విడివిడిగా అడిగితే ఇద్దరూ ఒకే అంకె చెబుతారా? చెప్పకపోతే తేడా ఎటువైపు, మధ్యలో ఇంకొకరు వుంటే ఎంత? పల్లెటూరి లెక్కల్లో ఎక్కువభాగం ఎవరో ఒకరినే అడిగి రాసుకున్నవి కాబట్టి ఇది తేల్చడం అవసరమని గురువుగారు సైతం మెచ్చుకున్నారట.

ఫోను పెట్టేశాక మాకిద్దరికీ ఒకేసారి ఒకటే అనుమానం వచ్చింది. నలభై ఇళ్లలో ఏ ఇంట్లో అంకెలు కలవలేదు? మేము పన్నెండు వేలని అమ్మాయికి చెప్పిన రోజున ఆమె రాసుకున్నది గుర్తుంది. ఆయన వేపచెట్టు కింద వేళ్లు మడిచి చెప్పిన అంకె ఆమెకు తెలుసు. మాకు తెలియదు. మధ్యలో ఇంకొకరు అంటే ఎవరు? మా తమ్ముణ్ణి చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన వూరది. అమ్మానాన్నలు పోయేటప్పుడు దగ్గరుండి చూసుకున్నవాడు అతనే. మేము టిక్కెట్లు దొరక్క పదిరోజుల తరువాత వెళ్లినవాళ్లము. నలభై ఇళ్లలో మనది ఒకటి, తక్కిన ముప్పైతొమ్మిదింటిలో చూసిందేమో అనుకున్నాము. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాము.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి ప్రయాణాలు ఆగిపోయాయి. అమ్మాయి ఇంటికి వచ్చేసింది. ఖమ్మంలో డిగ్రీ చదివిన పిల్లలు కొందరిని కుదుర్చుకుని అంతా ఫోనులోనే నడిపింది. మొదట కొన్ని కాల్స్ తనే చేసింది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ పొద్దున్న ఏడు. చేనుకు పోయే ముందు పట్టుకోవాలి. బేస్‌మెంటులో తలుపు వేసుకుని కూర్చునేది. మేము పైన వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వుండేవాళ్లము. చెప్పే జవాబులు మాకు వినపడవు, వినకూడదు కూడా. ప్రశ్నలు మాత్రం గోడల గుండా కొంచెం కొంచెం వినిపించేవి. ఆదివారం బడిలో 'ళ' పలకడానికి ఏడ్చిన పిల్ల, "పెద్దనాయనా, బాగున్నరా? వానలు పడ్డయా?" అని అచ్చం మా జిల్లా యాసలో పలకరించేది. వేసవిలో మేము కలిసి రాసిన ప్రశ్నలే. కాని వాటన్నిటికన్నా ముందు, మేము రాయనిది, తాను చేర్చుకున్నది ఒకటి వుండేది. ప్రతి ఫోనుకూ మొదట అదే అడిగేది: "ఇప్పుడు మీ పక్కన ఎవరన్నా వున్నరా?"